సోమవారం బ్లాంకు

మా నీటి పరీక్షల ల్యాబులో, తెర మీద గీత కదిలిన ప్రతిసారీ ఒకే మాట వినపడేది. "డ్రిఫ్టండీ, డ్రిఫ్ట్." పైకి లేచినా డ్రిఫ్టే, కిందికి జారినా డ్రిఫ్టే. కరెంటు పోయి జనరేటరు మీద నడిచిన రోజు డ్రిఫ్టు. ఏసీ ఆగి మళ్లీ మొదలైనప్పుడు డ్రిఫ్టు. తేమకి గోడలు చెమర్చిన రోజు డ్రిఫ్టు. ఆ మాట అనేశాక ఇక ఎవరూ ఏమీ చూడనక్కర్లేదు. నేనూ అన్నాను. మూడేళ్లుగా అంటూనే ఉన్నాను. అందుకే ఈ కోపంలో సగం నా మీదే.

మిగతా సగం ఎవరి మీదో చెప్పాలంటే ముందు ఆ యంత్రం గురించి చెప్పాలి. గ్యాస్ క్రొమటోగ్రాఫ్ ఒక పెద్ద పెట్టె. లోపల వెంట్రుక కన్నా కాస్త లావుండే గొట్టం, విప్పితే ముప్పై మీటర్లు, చుట్టలా చుట్టి ఉంటుంది. దాన్ని కాలమ్ అంటాం. పరీక్షించాల్సినదాన్ని సన్నని సిరంజితో ఎక్కిస్తే అది ఆవిరై, గ్యాసు వెంట ఆ గొట్టంలో ప్రయాణిస్తుంది. పెట్టె నెమ్మదిగా వేడెక్కుతుంటే తేలికవి ముందు, బరువువి వెనక, ఒక్కొక్కటే అవతలికి వస్తాయి. అక్కడ ఒక చిన్న మంట. వచ్చినదాన్ని అది కాల్చినప్పుడల్లా కంప్యూటర్ తెర మీద గీత పైకి లేస్తుంది. ఏమీ రానప్పుడు గీత నేల మీద పడుకున్నట్టు ఉండాలి. అదే బేస్‌లైన్. ఆ నేలే మెల్లగా లేవడం మొదలుపెడితే, అది డ్రిఫ్ట్.

లేవడానికి నిజంగానే బోలెడు కారణాలు. పాతబడిన కాలమ్ వేడికి తన లోపలి పూతనే కొద్దికొద్దిగా వదులుతుంది. గ్యాసులో తేమ ఉండొచ్చు. ఎక్కడో ఒక నట్టు వదులై ఉండొచ్చు. మా ల్యాబు ఇన్‌ఛార్జ్ సార్ చెప్పే ప్రతి కారణమూ ఏదో ఒక రోజున నిజమే. అబద్ధమైతే ఎప్పుడో పట్టుకునేదాన్ని.

తప్పు యంత్రానిదో, శాంపిల్‌దో తేల్చడానికి ఒక పద్ధతి ఉంది. దాని పేరు బ్లాంకు. శుభ్రమైన డిస్టిల్డ్ వాటర్ తీసుకుని, శాంపిల్‌కి చేసేవన్నీ దానికీ చేసి, ఎక్కించి చూడాలి. అందులోనూ గీత లేస్తే తప్పు యంత్రానిది. అందులో లేవకుండా శాంపిల్‌లో లేస్తే, లేచినది శాంపిల్‌లోనే ఉంది. కాలేజీలో మాకు రోజూ బ్లాంకు తియ్యాలని నేర్పారు. మా ల్యాబులో వారానికి ఒకటే, సోమవారం పొద్దున. మాది సముద్రం మధ్య దీవి, నైట్రోజన్ సిలిండర్లు మెయిన్‌ల్యాండ్ నుంచి ఓడలో రావాలి, ఓడ దాని ఇష్టం వచ్చినప్పుడు వస్తుంది, కాబట్టి గ్యాసు పొదుపు. సోమవారం బ్లాంకుని కంప్యూటర్లో దాచిపెట్టి, శనివారం దాకా వచ్చే ప్రతి శాంపిల్‌లోంచీ దాన్ని తీసివేస్తాం. దానికొక బటన్ ఉంది. నొక్కగానే గుట్టలు చదునైపోయి గీత బుద్ధిగా నేల మీద పడుకుంటుంది. సార్‌కి ఆ బటన్ అంటే మహా ప్రేమ.

మా ఇల్లు డిగ్నాబాద్ పేటలో. మావయ్య కుర్రతనంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి డింగీ మీద చేపల వేటకి వెళ్లిన మనిషి. మోకాళ్లు పోయాక డింగీ వండూర్‌లో ఒక బంధువుకి ఇచ్చేసి, ఇప్పుడు అందరి డింగీల ఇంజన్లూ పెరట్లో పెట్టుకుని బాగుచేస్తూ ఉంటారు. మా ఆయన ఫీనిక్స్ బే రేవు నుంచి దీవులకి వెళ్లే బోటు మీద పని. వారంలో సగం రోజులు నీళ్ల మీదే. పెరట్లో ఒక నుయ్యి ఉంది. ఎండాకాలంలో కుళాయి మూడు రోజులకో నాలుగు రోజులకో ఒకసారి వచ్చే ఈ ఊళ్లో, ఎండని నుయ్యి ఉన్న ఇల్లంటే ఒక హోదా. రోజు విడిచి రోజు ఒక పిక్‌అప్ బండి నల్ల ట్యాంకుతో వచ్చి నీళ్లు తోడుకుపోయేది. "మన నీలు ఊరంతా తాగుతన్నారే," అని అత్తయ్య గొప్పగా చెప్పుకునేది. బండి ఎక్కడెక్కడికి వెళ్తుందో నేనెప్పుడూ అడగలేదు.

ఫిబ్రవరి చివర్లో మా పాప నీళ్ల గ్లాసు తోసేయడం మొదలుపెట్టింది. దానికప్పుడు రెండేళ్లు దాటి నాలుగు నెలలు. "కంపు," అనేది, ముక్కు ముడిచి. పాలల్లో నీళ్లు కలిపినా అదే మాట. ఆ తర్వాత నోటి చుట్టూ ఎర్రగా దద్దుర్లు వచ్చాయి. రెండుసార్లు వాంతి చేసుకుంది. డాక్టర్ చూసి, నీళ్లు కాచి ఇవ్వమన్నారు. అత్తయ్య పెద్ద గిన్నె పెట్టి తెర్లేదాకా కాచేది. పాప ఆ నీళ్లనీ తోసేసేది.

నేను వాసన చూశాను. నాకేమీ తెలియలేదు. గ్లాసులో ముక్కు పెట్టి చూశాను, చేతిలో పోసుకుని రుద్ది చూశాను. ఏమీ లేదు. అత్తయ్యకి ఇచ్చాను.

"ఏటే వాసన? నీలకి వాసనేటి? దాని మాటలు పట్టుకుని నువ్వూ ఆడతన్నావా?"

"కాదు అత్తయ్యా, ప్రతిసారీ అదే మాట అంటోంది."

"పేచీ. నీ మొగుడూ ఈ వయసులో ఇలగే పేచీ పెట్టీవోడు. సదువుకున్నోలకి అన్నీ అనుమానాలే గావాల."

ఆ రోజు మా ఆయన దారిలో సిగ్నల్ దొరికి ఫోన్ చేస్తే చెప్పాను. "నువ్వు ల్యాబ్‌ని ఇంటికి తేకు," అన్నారు నవ్వుతూ. ఆయన మంచివారే. కానీ ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

మర్నాడు ఒక జామ్ సీసా కడిగి, నూతి నీళ్లు పట్టి, బ్యాగులో పెట్టుకుని ల్యాబుకి తీసుకెళ్లాను.

సార్ ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగాయన. వాళ్ల తాతల కాలంలో వచ్చారట, మాటల్లో సగం హిందీయే. సీసా చూసి, "ఇది రిజిస్టర్‌లో లేని శాంపిల్ కదండీ," అన్నారు. చివర్లో, అన్నీ అయ్యాక, గ్యాసు వృథా కాకుండా చేసుకోమన్నారు. చేశాను. సీసాలో నీళ్లని హెక్సేన్‌తో కలిపి బాగా కుదిపి, పైకి తేలిన పొరని తీసి ఎక్కించాను. నీళ్లలో నూనెలాంటిది ఏదున్నా ఆ పై పొరలోకి వచ్చేస్తుంది.

పది నిమిషాల తర్వాత గీత నేల మీదనుంచి లేచింది. సూదిలా కాదు. మెల్లగా, వెడల్పుగా, గున్నేనుగు వీపులా లేచింది. కాసేపు పైన ఉండి మళ్లీ మెల్లగా దిగింది.

"డ్రిఫ్ట్," అన్నారు సార్ వెనకనుంచి.

"సార్, కాలమ్ వదిలేదైతే చివరిదాకా పైనే ఉండాలి కదా. పెట్టె ఇంకా వేడిగా ఉండగానే ఇది దిగిపోయింది. వేడికి లేచేది వేడిలోనే ఎలా దిగుతుంది?"

"ఏసీ ఆన్ అయి ఉంటుంది." ఆయన నా పక్కనుంచి చెయ్యి చాపి బటన్ నొక్కారు. సోమవారం బ్లాంకు తీసివేత. గుట్ట చాలావరకు చదునైపోయింది. మధ్యలో చీమ పాకినంత మిగిలింది. "దేఖా? బ్లాంకులోనూ ఇదే గుట్ట ఉంది. అంటే మెషీన్‌దే. మీ నీళ్లు బిల్కుల్ సాఫ్."

సోమవారం బ్లాంకుని విడిగా తెరిచి చూశాను. నిజమే. అదే వీపు, అదే చోట.

"ఇత్నా టెన్షన్ ఎందుకండీ," అన్నారు సార్, కుర్చీ వెనక్కి వాల్చి. "అసలు చిన్నపిల్లల తల్లులకి బేస్‌లైనే పైన ఉంటుంది. మా ఆవిడా అంతే. పిల్లాడు తుమ్మితే హాస్పిటల్."

గదిలో పనిచేస్తున్న మిగతా ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఇంకో మాట అంటారని నవ్వాను.

ఇక్కడే నన్ను నేను క్షమించుకోలేను. గుట్ట వేడిలోనే దిగిపోయిందని నా కళ్లతో చూశాను. కానీ మాకు నేర్పినదే బ్లాంకుని నమ్మమని. నీ కన్ను పొరపడొచ్చు, నీ భయం పొరపడొచ్చు, బ్లాంకు పొరపడదు. కాబట్టి ఇంటికి వెళ్లి, తేలికపడ్డ మనసుతో, పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుని, ముక్కు మూసి, ఆ నీళ్లు తాగించాను. కథలు చెప్పి తాగించాను. ఒకసారి కోప్పడి తాగించాను. అది ఏడుస్తూ తాగింది. అలా మూడు వారాలు. "సూసావా, అలవాటయిపోనాది," అంది అత్తయ్య.

మార్చి మూడో వారంలో, అసలు వానే ఉండని రోజుల్లో, ఒక శనివారం సాయంత్రం కుండపోతగా కురిసింది. గంటన్నర. ఎండిన ఊరంతా బకెట్లు పట్టుకుని బయటికొచ్చింది. అంతే, మళ్లీ ఎండ.

సోమవారం ల్యాబుకి వెళ్లేసరికి సార్ మహా హుషారుగా ఉన్నారు. "మేడమ్, రండి, చూడండి! కాలమ్ బాగుపడింది!"

తెర మీద ఆ వారం బ్లాంకు. గీత నేల మీద పడుకుని ఉంది. చివర్లో, బాగా వేడెక్కాక, పాత కాలమ్ వదిలే చిన్న ఎత్తు. అది పైకి లేచి పైనే ఉండిపోయింది, ఉండాల్సినట్టే. మధ్యలో ఏనుగు వీపు లేదు.

"ఎలా బాగుపడింది సార్?"

"సెట్ అయిపోతాయండీ ఒక్కోసారి. దుమ్ము కూడా బాగా తగ్గింది గాల్లో, వాన కడిగేసింది కదా."

యంత్రాలకి జ్వరం రాదు, తగ్గదు. కాలమ్ తనంతట తను బాగుపడదు. ఏదో మారింది. సిలిండర్ చూశాను, పోయిన నెలదే. హెక్సేన్ సీసా పాతదే. ఏసీ అదే, దాని గోల అదే. సిరంజి, మంట, వేడి అన్నీ అవే.

గాజు సామాన్లు కడిగే దీదీ సింకు దగ్గర ఉంది. రాంచీ వైపు కుటుంబం, మూడు తరాలుగా ఇక్కడే. తెలుగు బాగానే అర్థమవుతుంది, నవ్వొచ్చినప్పుడు మాట్లాడుతుంది కూడా. డిస్టిల్డ్ వాటర్ తీసేది ఆమే.

"దీదీ, ఈ వారం ఏం మార్చావు?"

"మై క్యా బదలూంగీ? నేనేం మారుస్తాను?" అని ఆలోచించింది. "పానీ మారింది మేడమ్. పిక్‌అప్ రాలేదు కదా శుక్రవారం. డ్రమ్ములో బారిష్ పానీ, వాన నీళ్లు పట్టాను, అదే పోసి డిస్టిల్ చేశాను. బారిష్ కా పానీ అచ్ఛా హోతా హై."

"పిక్‌అప్ ఎక్కడినుంచి తెస్తుంది నీళ్లు?"

దీదీ నవ్వేసింది. చేతిలోని ఫ్లాస్కు పక్కన పెట్టి మరీ నవ్వింది. "ఆప్‌కో నహీ మాలూమ్? మీ ఇంటినుంచే! మీ అత్తగారి నూతినుంచి. డ్రైవర్ భయ్యా రోజూ చెప్తాడు, మేడమ్ వాళ్ల నీళ్లే తెచ్చాను అని."

నేను అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయాను.

అంటే ఇన్ని వారాలూ మా బ్లాంకు మా నూతి నీళ్లతోనే చేశాం. డిస్టిల్ చేస్తే ఉప్పు వెనక ఉండిపోతుంది, మట్టి ఉండిపోతుంది. డీజిల్ లాంటివి ఉండిపోవు. ఆవిరి వెంట అవీ చక్కా లేచి ఇవతలికి వచ్చేస్తాయి. ఈ సంగతి నేను రెండో ఏడు పరీక్షలో రాశాను. మంచి మార్కులే వచ్చాయి. బ్లాంకులో ఉన్నదీ మా నుయ్యే, శాంపిల్‌లో ఉన్నదీ మా నుయ్యే. ఒకదానిలోంచి ఒకటి తీసేస్తే ఏం మిగులుతుంది? మేము నీళ్లలోంచి యంత్రం తప్పుని తీసివేయలేదు. విషాన్ని విషంలోంచి తీసివేసి, సున్నా వచ్చిందని పండగ చేసుకున్నాం.

పొద్దున ఇంట్లోంచి తెచ్చుకున్న తాగే నీళ్ల సీసా నా బ్యాగులో ఉంది. నూతి నీళ్లే. ఎవరి అనుమతీ అడగలేదు. హెక్సేన్‌తో కుదిపి, ఎక్కించి, తెర ముందు నిలబడ్డాను. పది నిమిషాలకి ఏనుగు లేచింది. బటన్ నొక్కాను. వాన నీళ్ల బ్లాంకు తీసివేత. ఏనుగు ఎక్కడికీ పోలేదు. పోకపోగా, తెరని పెద్దది చేసి చూస్తే, దాని వీపు మీద వరసగా సన్నటి సూదులు నిటారుగా నిలబడి ఉన్నాయి. డీజిల్‌కి అదే వేలిముద్ర. చదువుకునేటప్పుడు వంద సార్లు చూసిన బొమ్మ.

"సార్, రండి."

సార్ చూశారు. కుర్చీ లాక్కుని ఇంకోసారి చూశారు. తర్వాత, "సీసా సరిగ్గా కడిగారా?" అన్నారు.

"కడిగాను."

"ఒక్క శాంపిల్‌తో ఏమీ చెప్పలేం కదండీ."

"ఫిబ్రవరినుంచి ప్రతి సోమవారం బ్లాంకూ శాంపిలే సార్. కంప్యూటర్లో ఉన్నాయి. తెరవమంటారా?"

"ఆవాజ్ నీచే, మెల్లగా మేడమ్." ఆయన తలుపు వైపు చూశారు. "ఆలోచించండి. ఈ నెలన్నరలో ఎన్ని రిపోర్టులు వెళ్లాయి మననుంచి? ఎన్ని నూతుల నీళ్లు? అన్నిట్లోంచీ మనం అదే బ్లాంకు తీసేశాం. ఇప్పుడు మీరు లేపితే అన్నీ లేస్తాయి. మీ సంతకాలూ ఉన్నాయి వాటి మీద."

"ఉన్నాయి కాబట్టే లేపుతున్నాను."

"చిన్నపిల్ల తల్లి, ఉద్యోగం కాంట్రాక్టు..." ఆయన మంచితనంగానే అన్నారు, అదే నాకు ఒళ్లు మండించింది. "ఈ వారంనుంచి వాన నీళ్లు వాడదాం. పాతది వదిలేయండి. అది డ్రిఫ్టే అనుకుంటే సరిపోతుంది."

"మూడు వారాలు నా కూతురికి ముక్కు మూసి తాగించాను సార్. డ్రిఫ్ట్ అని మీరు చెప్తే తాగించాను. నా బేస్‌లైన్ పైన ఉందన్నారు కదా. సరే, పైనే ఉంది. ఇప్పుడు ఇంకా పైకి లేచింది. మీ బటన్‌తో దించండి చూద్దాం."

దీదీ కుళాయి కట్టేసింది. ఆ నెలన్నర రిజిస్టర్‌లోని ప్రతి నీటి శాంపిల్ ఎదురుగా "మళ్లీ చేయాలి, బ్లాంకు కలుషితం" అని ఎర్ర పెన్నుతో రాసి, ఒక్కొక్కదాని కింద సంతకం పెట్టాను. సార్ నన్ను ఆపలేదు. రిజిస్టర్ మూసే సమయానికి ఆయన గదిలో లేరు. రెండు గీతలనీ ప్రింట్ తీసుకుని, ఒక పూట సెలవు రాసి, ఇంటికి బయల్దేరాను. దీదీ తన వాన నీళ్ల డ్రమ్ములోంచి రెండు క్యాన్లు నింపి ఆటోలో పెట్టింది. "బచ్చీ కే లియే, పాపకి," అంది.

ఇంటికి వెళ్లేసరికి మావయ్య నూతి గట్టు మీదే ఉన్నారు. జనవరినుంచి పని ఎక్కువై రోజంతా అక్కడే. ఎవరిదో పాత డింగీ ఇంజన్ విప్పి, ఒక్కొక్క భాగాన్నీ బేసిన్‌లో డీజిల్ పోసి బ్రష్షుతో కడుగుతూ, తర్వాత నూతి నీళ్లతో ఉప్పు వదలగొడుతూ. మా వాళ్లలో ఇంజన్ కడిగే పద్ధతి అదే. సముద్రపు ఉప్పు పోవాలంటే మంచినీళ్లు కావాలి, మంచినీళ్లు ఉండేది నూతి దగ్గర. మా నాన్న కూడా అలాగే కడిగేవారు. నేను పుట్టింది, పెరిగింది, పెళ్లి చేసుకుని వచ్చింది అన్నీ డీజిల్ వాసన వేసే ఇళ్లే. ఆ వాసన నాకు ఎలా తెలుస్తుంది?

బేసిన్‌లో నల్లబడ్డ డీజిల్‌ని ఆయన పక్కకి వంచారు. అది గట్టు మీద పాకి, సునామీ ఏడాది భూకంపానికి చీలిన పగుల్లోకి దిగిపోయింది. నేను చూస్తూ ఉండగానే. రోజూ చూస్తూనే ఉన్నాను.

"మావయ్యా, ఆపండి."

"ఏటమ్మా, పెందలాడే వొచ్చీసినావ్?"

కాగితాలు ఆయన ముందు పెట్టాను. "ఇది వాన నీళ్లు. ఇది మన నూతి నీళ్లు. ఈ గుట్ట డీజిల్. మీరు పారబోసింది ఆ పగుల్లోంచి నూతిలోకి దిగుతోంది. పాప తాగుతోంది."

ఆయన కాగితం వైపు చూడలేదు. "డీజిలు బూమి తాగీస్తాది. నూతిలోకెలాగ దిగుద్ది? ముప్పయ్యేల్లు బట్టి ఇక్కడే కడుగుతన్నాను. నీ మొగుడు ఈ నీలు తాగే ఇంతోడయినాడు."

"అప్పుడు నెలకో ఇంజన్ మావయ్యా. ఇప్పుడు వారానికి రెండు. అదీ వానలు లేనప్పుడు, నుయ్యి అడుక్కి పోయినప్పుడు."

"అంటే నానేటి? నా మనవరాలికి నానే ఇసం పెడతన్నానా?"

"అవును," అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక నాకే భయమేసింది. మావయ్యతో అంతవరకు నేనలా మాట్లాడలేదు. అత్తయ్య వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది, పాప వెనకాలే.

"ఏటే ఆ మాటలు! పెద్దోడితోన! కాయితం ముక్క సూపించి మామని..."

"వాసన చూడండి అత్తయ్యా." క్యాన్ మూత తీసి ఒక గ్లాసులో వాన నీళ్లు, ఇంకో గ్లాసులో బిందెలోని నీళ్లు పోశాను. "ఏది నూతి నీళ్లో చెప్పండి."

అత్తయ్య రెండూ చూసింది. మావయ్య రెండూ చూశారు. ఇద్దరికీ తెలియలేదు. నాకూ తెలియలేదు. ముగ్గురం రెండు గ్లాసుల చుట్టూ నిలబడి ముక్కులు ఎగబీలుస్తున్నాం, చేతులకీ బట్టలకీ ఇంటికీ అదే వాసన పట్టినవాళ్లం.

"సూడు మరి! వాసనుంటే ఒక్కలికైనా తెలాలి గదా," అంది అత్తయ్య గెలిచినట్టు. "పోనీ, ఎవులికి కంపో ఆలనే అడుగుదాం. దా అమ్మా, ఇది తాగి సెప్పు, ఏది కంపో." వంగి, నూతి నీళ్ల గ్లాసు పాప నోటి దగ్గర పెట్టింది.

పాప నా వైపు చూసింది. మూడు వారాల అలవాటు. అమ్మ కోప్పడుతుందని నోరు తెరిచింది.

నేను ఆ గ్లాసుని చేత్తో కొట్టాను. అది అత్తయ్య చేతిలోంచి ఎగిరి గట్టుకి తగిలి, మోగుకుంటూ దొర్లి, బేసిన్ దగ్గర ఆగింది. అత్తయ్య చీర తడిసిపోయింది. పాప గట్టిగా ఏడుపు అందుకుంది.

"దాన్ని అడగొద్దు! ఇంక దానికి తాగించి ఎవరూ ఏదీ చూడొద్దు! నా కూతురు ఎవరి బ్లాంకూ కాదు!"

వాళ్లకి ఆ మాట అర్థమై ఉండదు. నేను వివరించలేదు కూడా. పాపని ఎత్తుకుని వాన నీళ్ల గ్లాసు దాని నోటికి పెట్టాను. అది వెక్కుతూనే పట్టుకుంది. ముక్కు ముడవలేదు. ఒక్క గుక్కలో తాగేసి, ఖాళీ గ్లాసు అడుగుకి చూసి, "ఇంకా," అంది.

రెండో గ్లాసు కూడా తాగింది. మావయ్య దాన్నే చూస్తున్నారు. మూడోది అడిగినప్పుడు ఆయన తన చేతుల వైపు చూసుకున్నారు. మోచేతుల దాకా నలుపు.

క్షమించమని ఆయన అనలేదు, నేను ఎదురుచూడలేదు. కాసేపటికి లేచి, బేసిన్ ఎత్తి గేటు బయటికి తీసుకుపోయారు. తర్వాత ఇంజన్ భాగాలు, ఒక్కొక్కటీ. మోకాళ్లు నొప్పి పెడుతుంటే ప్రతి రెండు అడుగులకీ ఆగుతూ. నేను సాయం చేయలేదు. చేయాలనిపించలేదు. ఆఖరికి నూతి గిలక మీదనుంచి తాడు తీసి చుట్ట చుట్టి, అటక మీద పడేశారు.

అత్తయ్య ఆ పూట నాతో మాట్లాడలేదు. తర్వాత వారం రోజులూ మాట్లాడలేదు. మా ఆయన వచ్చాక విషయం విని, మొదట "అమ్మ మీద చెయ్యి చేసుకున్నావా?" అన్నారు. తర్వాత కాగితాలు చూశారు. పాప దద్దుర్లు పది రోజుల్లో తగ్గాయి. లోపల ఏం మిగిలిందో ఏ యంత్రమూ నాకు చెప్పదు. అది పడుకున్నాక ఇలా కూర్చుని రాస్తూ కూడా, మధ్యలో లేచి వెళ్లి దాని ఊపిరి వాసన చూసి వస్తాను. పిచ్చి అంటారు. అనుకోనీ.

కానీ ఆ మర్నాడు పొద్దున సంగతి రాయాలి. ఎప్పటిలాగే పిక్‌అప్ వచ్చి గేటు బయట హారన్ కొట్టింది. అత్తయ్య తలుపు దగ్గరే ఉండిపోయింది. నేను పాపని చంకనేసుకుని, అవసరమైతే బండికి అడ్డంగా నిలబడదామని వరండాలోకి వచ్చాను. మావయ్య అప్పటికే నూతి గట్టు మీద కూర్చుని ఉన్నారు. ఎన్నిసార్లు తోముకున్నారో, చేతులు ఎర్రగా కమిలి ఉన్నాయి.

డ్రైవర్ పైపు భుజాన వేసుకుని లోపలికి వచ్చాడు. గిలకకి తాడు లేకపోవడం చూసి, వంగి నూతిలోకి తొంగి చూశాడు.

"క్యా హువా చాచా? పానీ ఖతమ్ హో గయా, నీళ్లు అయిపోయాయా?"

"నేదు," అన్నారు మావయ్య. "ఉంది. తాగడానికి గాదు."

డ్రైవర్ నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగాడు. "మరి నీళ్లు పోసే ఆఫీసులకి ఏం చెప్పను?"

మావయ్య తల తిప్పకుండా నా వైపు చెయ్యి చూపించారు.

"ఆమెనడుగు. ఆమె రాసిస్తాది."